సీలు వేసిన ప్లగ్గు

ఆ రోజు పొద్దున్న అన్యాయంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి వియ్యంకుణ్ణి తన పడవలో కూర్చోబెట్టాలి. ఆయన నెత్తిన ఫ్యాను తిరగాలి, చేతిలో చల్లటి నీళ్ళ గ్లాసు ఉండాలి. ఆయన నోరు తెరిచి, "బావగారూ, పడవ బాగుందండీ" అనాలి. ఆ ఒక్క ముక్క వింటే చాలు, ఇక ఈ జన్మకు వేరే కోరికల్లేవని అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ అనుకున్నారు.

ఆయన అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉన్నంతకాలం, త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా "అన్యాయం!" అని అరిచేవారు. ఆ అరుపుకు పక్క వీధిలో త్రాసులు కూడా హడలిపోయి వాటంతటవే సరిగ్గా తూచేవట. చూసినవాళ్ళెవరూ ఇప్పుడు దొరకరు గనక నమ్మెయ్యడమే మర్యాద.

ఉద్యోగం వదిలి వస్తూ ఆయన సీలు వేసే పటకారు మాత్రం వదల్లేకపోయారు. త్రాసుకు తీగ చుట్టి, దాని ముడి మీద సీసపు బిళ్ళ పెట్టి నొక్కే పటకారు అది. తూచడానికి త్రాసులు లేకపోయేసరికి ఇంటి మీద పడ్డారు. పంచదార డబ్బాకు సీలు. టీవీ రిమోటుకు సీలు. ఒకసారి వేసిన సీలు ఇద్దరు సాక్షులు లేకుండా పగలగొట్టకూడదన్నది ఆయన నియమం. అందుచేత ఆ ఇంట్లో టీలోకి పంచదార కావాలంటే ఇరుగుపొరుగువాళ్ళను పిలవాల్సి వచ్చేది. వాళ్ళు వచ్చినందుకు వాళ్ళకూ టీ ఇవ్వాల్సి వచ్చేది.

"ముందే చెబుతున్నా," అంది భార్య, భోజనం క్యారియరు సర్దుతూ. "పోయినసారి కరెంటు పోతే, అన్నయ్యగారు ఆ పడవలో కూర్చుని చెమటతో తడిసి ముద్దైపోయారు. కిటికీ తెరవమన్నారు. తెరిచాక, ఇది కాక ఇంకో కిటికీ లేదా అన్నారు. తర్వాత అమ్మాయితో, మీ నాన్న కొన్నది తేలే సామాన్ల గది అన్నారట."

"అన్యాయం! పడవలో ఫ్యానుంది, ఫ్రిజ్జుంది..."

"ఉన్నాయి. ఇవాళ అవి తిరగాలి. ఇవాళ కూడా ఆయన ముఖం ముడుచుకుని వెళ్ళారో, రేపే పడవ అమ్మకానికి పెట్టేస్తా. ఆ మాట పిల్ల పడలేదు, నేనూ పడలేను."

అన్యాయంగారు గబగబా చెప్పులు వేసుకున్నారు. ఆ పడవంటే ఆయనకు ప్రాణం. కొన్నప్పటినుంచీ దానికి రంగు వేయడం, ఇత్తడి బిగింపులు తోమడం, గట్టుమీద నిలబడి దాన్ని చూసుకోవడం తప్ప వేరే లోకం లేదు. ఒక్కటే లోటు. ఆ పడవ రేవు దాటి ఒక్కసారీ వెళ్ళలేదు. ఎందుకంటే, రేవులో ప్రతి పడవకూ గట్టుమీది స్తంభం నుంచి ఒక లావుపాటి వైరు వచ్చి పడవ పక్కనున్న సాకెట్టులో దిగుతుంది. పడవలో దీపాలూ ఫ్యాన్లూ దానిమీదే నడుస్తాయి. ఒక సాయంత్రం తన దీపం కాస్త మసకగా వెలిగేసరికి, తన వంతు కరెంటు ఎవరో మధ్యలో కొట్టేస్తున్నారని అన్యాయంగారికి అనుమానం వచ్చింది. వెంటనే ఆ వైరుకు అటు కొసన, ఇటు కొసన రెండు సీళ్ళు వేసేశారు. పడవ కదలాలంటే ప్లగ్గు పీకాలి, ప్లగ్గు పీకాలంటే సీలు పగలాలి, సీలు పగలాలంటే సాక్షులు కావాలి. ఎందుకొచ్చిన గొడవని పడవ అక్కడే ఉండిపోయింది.

రేవుకు వెళ్ళేసరికి గేటు దగ్గర బోర్డు వేలాడుతోంది: "మరమ్మతు. సాయంత్రం దాకా కరెంటు ఉండదు."

"అన్యాయం!" అన్న అరుపుకు గట్టుమీది పక్షులు అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాయి. రేవు మేనేజరు గదిలోంచి తల బయటపెట్టాడు.

"నిన్ననే అందరి ఫోన్లకూ కబురు పెట్టానండీ."

"నా ఫోనుకు సీలుంది!"

"దానికి నేనేం చెయ్యనండీ?"

స్తంభం దగ్గర నిచ్చెన వేసుకుని ఎలక్ట్రీషియన్ అప్పటికే పనిలో ఉన్నాడు. మనిషి మంచి లావు, గొంతు అంతకంటే లావు. మెయిన్ పెట్టెలోంచి ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. తను పని చేస్తుండగా మతిలేనివాడెవడైనా మెయిన్ వెయ్యకుండా ఉండాలని అతని జాగ్రత్త. "నా జేబులో ఫ్యూజులున్నంతసేపూ ఈ రేవులో చీమకు కూడా కరెంటు దొరకదు," అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతున్నాడు.

అన్యాయంగారు వెనుదిరిగి, టెంటు సామాన్లు అద్దెకిచ్చే దుకాణానికి నడిచారు. అక్కడ చక్రాలున్న ఒక జనరేటరు తీసుకున్నారు. దుకాణదారు పెట్రోలు పోసిస్తూ చెప్పుకుపోయాడు.

"గదిలో పెట్టకండి సార్, పొగ మంచిది కాదు. నడుస్తుండగా పెట్రోలు పొయ్యకండి. ముఖ్యంగా, పడవకున్న రేవు వైరు పీకేసి, ఆ సాకెట్టులోనే దీని వైరు పెట్టండి. రెండూ కలిపి ఉండకూడదు. ఒకటుంటే ఇంకోటి ఉండకూడదు."

"రేవు వైరుకు సీలుంది."

"అయితే తీసెయ్యండి."

"తీసెయ్యడానికి అదేమన్నా బొత్తామా? రేవు వైరు కాకుండా వేరే దారి చెప్పు. పడవలో ఫ్రిజ్జు పెట్టే సాకెట్టుంది. దాంట్లో పెడితే?"

"ఆ సాకెట్టు కరెంటు తీసుకోడానికండీ, ఇవ్వడానికి కాదు. అందులో పెట్టాలంటే రెండు కొసలకీ ప్లగ్గులున్న వైరు కావాలి. ఒక కొస జనరేటరులో ఉంటే రెండో కొస ముళ్ళు చేతికి తగిలితే మనిషి మిగలడు. అలాంటిది నేను చెయ్యను, ఇంకెవర్నీ చెయ్యనివ్వను."

"అన్యాయం! కొనేవాడికి కావలసింది అమ్మనంటావా?" అని గదిమి, ఎదురుగా ఉన్న కొట్టులో రెండు ప్లగ్గులూ వైరూ విడివిడిగా కొని, మెట్లమీద కూర్చుని ఆయనే బిగించుకున్నారు.

రేవులో భార్య ఆ వైరు చూసి అడిగింది. "ఇదేమిటండీ, దీనికి రెండు మూతులున్నాయి?"

"సీలు జోలికి పోకుండా పని జరిగే ఉపాయం."

"హాయిగా ఆ సీలు పగలగొట్టకూడదూ?"

"సాక్షులేరీ? కరెంటు తీసేసినవాళ్ళను నేను పిలవను."

"నేనున్నానుగా!"

"భార్య సాక్ష్యం చెల్లదు. ఆ రోజుల్లో కొట్టువాళ్ళందరూ పెళ్ళాల్నే తెచ్చి నిలబెట్టేవాళ్ళు."

ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసింది. అలా చూడడంలో ఆవిడకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది.

జనరేటరును ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఆయన ముందు దాన్ని పడవలోనే, మెట్ల కింద పెట్టి తాడు లాగారు. అది దడదడలాడింది. కాస్సేపటికి, గోడకున్న విషవాయువు అలారం కీచుమని మొదలెట్టింది. అది ఆవిడ కొని పెట్టించింది.

"అన్యాయం! ఇంకా పొగ వాసన కూడా రాలేదు!"

"ఆ విషానికి వాసన ఉండదని ఆ డబ్బా మీదే రాసుంది," అని ఆవిడ అలారాన్ని గోడనుంచి ఊడదీసి, చంటిబిడ్డలా చంకనేసుకుని గట్టెక్కేసింది. "దీని ఏడుపు ఆగేదాకా నేను రాను. అన్నయ్యగారినీ రానివ్వను. రెండు తలుపులూ తెరవండి. ఆ మిషనుని గాలి అటు పోయే చోట, దూరంగా పెట్టండి."

అన్నయ్యగారినీ రానివ్వనన్న మాట పనిచేసింది. అన్యాయంగారు ఇంజను ఆపి, జనరేటరును గట్టు చివరికి, గాలి నదివైపు వీచే చోటికి ఈడ్చుకుపోయారు. పడవలోని పొగ పోయి, అలారం నోరు మూసేదాకా ఆవిడ దాన్ని గుమ్మంలో పట్టుకుని నిలబడింది. తర్వాత ఆయన ఆ రెండు మూతుల వైరును కిటికీలోంచి తెచ్చి, ఒక మూతి ఫ్రిజ్జు సాకెట్టులో గుచ్చి, రెండో మూతి జనరేటరులో గుచ్చి, తాడు లాగారు.

ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్జు గురక పెట్టింది. అన్యాయంగారి మీసం దానంతటదే పైకి లేచింది.

అంతలో గట్టుమీద టీ కొట్టు అక్క కేక వినపడింది. "కరెంటొచ్చిందో!" ఆవిడ దీపం వెలుగుతోంది. ఆవిడ వెంటనే కరెంటు కెటిల్ పెట్టేసింది. పక్క పడవలో టీవీ పాడింది. ఆ పక్క పడవలో ఎవరో ఇస్త్రీ మొదలెట్టారు.

అన్యాయంగారి ముఖం కందిపోయింది. "చూశావా? నేను ఊరంతా తిరిగి, ఈ బండ మోసుకొచ్చి, పెట్రోలు పోశాక కరెంటు ఇచ్చారు! కావాలని చేశారు! అన్యాయం!"

"వస్తే మంచిదేగా. ఆ మోత ఆపెయ్యండి."

"ఆపను! వాళ్ళ దయాదాక్షిణ్యాలు నాకక్కర్లేదు. నా ఫ్యాను నా పెట్రోలుతో తిరుగుతుంది."

జనరేటరు మాత్రం దడదడ మానేసి మూలగడం మొదలెట్టింది. కెటిల్ మరిగేటప్పుడు ఒక మూలుగు, ఇస్త్రీపెట్టె వేడెక్కేటప్పుడు ఇంకో మూలుగు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి.

"ఒక ఫ్యానూ ఒక ఫ్రిజ్జూ లాగడానికి ఇంత యాతనా? టెంటువాడు తూకంలో మోసం చేశాడు," అని ఆయన పళ్ళు నూరారు.

అప్పుడే వియ్యంకుడు దిగారు. భారీ మనిషి, చేతిలో తువ్వాలు లాంటి రుమాలు. మొహం తుడుచుకుంటూ వచ్చి ఫ్యాను కింద కూలబడ్డారు. నెమ్మదైనా గాలి గాలే. ఆవిడ ఫ్రిజ్జులోంచి నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. ఆయన గడగడ తాగి, కళ్ళు మూసుకుని, తృప్తిగా ఒక్క నిట్టూర్పు విడిచారు.

"బావగారూ, పోయినసారి నేనేదో అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, పడవ బాగుం..."

దభీమని చప్పుడైంది. రేవంతా నీళ్ళు చింది, కిటికీ మీద జల్లు పడింది.

స్తంభం మీది ఎలక్ట్రీషియన్ నదిలో ఉన్నాడు. అతడు ఎగిరిన ఎత్తుకు ఎదురుగుండా మేడమీద బట్టలారేస్తున్నవాళ్ళు అతన్ని కళ్ళలోకి చూసి పలకరించారని తర్వాత చెప్పుకున్నారు. దేవుడి దయవల్ల కరెంటు వేలి కొసకు మాత్రం తగిలి విసిరేసింది. అతడు టెస్టరు వదలకుండానే ఈదుకుంటూ గట్టెక్కి, ఆ లావు గొంతుతో అరిచాడు.

"ఎవడ్రా మెయిన్ వేసింది?"

"ఎవరూ వెయ్యలేదయ్యా! ఫ్యూజులు నీ జేబులోనే ఉన్నాయిగా!" అన్నాడు మేనేజరు.

ఎలక్ట్రీషియన్ జేబులో చెయ్యి పెట్టాడు. ఫ్యూజులన్నీ ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. వాటిని చూశాడు. టీ కొట్టులో వెలుగుతున్న దీపాన్ని చూశాడు. మళ్ళీ ఫ్యూజుల్ని చూశాడు. చేతిలోని టెస్టరు స్తంభం తీగకు ఆనిస్తే అది ఎర్రగా వెలిగింది. మేనేజరు చేతిలోని ఫోను లాక్కుని కరెంటాఫీసును తిట్టాడు. వాళ్ళు తిరిగి ఇంకా గట్టిగా తిట్టారు.

జనం పోగయ్యారు. నీళ్ళలోంచి వస్తోందని ఒకరు, ఆకాశంలో మిగిలిపోయిన మెరుపని ఇంకొకరు. ఎలక్ట్రీషియన్ మాత్రం పళ్ళు పటపటలాడించాడు. "ఎవడో పడవలోంచి కరెంటు ఎదురు తోస్తున్నాడు. ఒక్కొక్క పడవ ప్లగ్గూ పీకిస్తా. ఏది పీకితే దీపం ఆరుతుందో వాడే!"

ఈ మాట వినగానే అన్యాయంగారిలో పాత ఇన్‌స్పెక్టరు నిద్రలేచాడు. వియ్యంకుణ్ణి కూడా వెంటేసుకుని గట్టెక్కి, టీ కొట్టు బల్ల ఎక్కేశారు.

"అన్యాయం! ఇది దొంగతనం కంటే పెద్ద నేరం! ఒక మనిషి ప్రాణం పోయేది! వాడెవడైనా సరే, దయ చూపించడానికి వీల్లేదు. వాడి పడవ తాళ్ళు విప్పి, నది మధ్యకు ఈడ్చి వదిలెయ్యాలి. సాయంత్రం దాకా రేవులో అడుగుపెట్టనివ్వకూడదు. ఇంతమంది సాక్షుల ముందు చెబుతున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. "అలాగే చేద్దాం. అందరూ విన్నారుగా," అన్నాడు మేనేజరు.

పీకుడు మొదలైంది. టీవీ పడవ ప్లగ్గు పీకారు. దీపం ఆరలేదు. గట్టు చివర జనరేటరు మూలుగు మాత్రం ఒక మెట్టు తగ్గింది. అది విన్నది భార్య ఒక్కతే.

"ఏమండీ, ఒక్క మాట."

"తర్వాత!"

ఇస్త్రీ పడవ ప్లగ్గు పీకారు. దీపం ఇంకాస్త కాంతిగా వెలిగింది. జనరేటరు గొంతు సవరించుకుంది.

"ఏమండీ, ఆ మిషను చూడండి ఒకసారి."

"నేరస్తుణ్ణి పట్టుకుంటుంటే మిషనేమిటి? తర్వాత!"

మిగతా పడవలూ అయ్యాయి. ఆవిడ ఇక పిలవడం మానేసి, క్యారియరు మీద చెయ్యి వేసుకుని బల్లమీద కూర్చుంది.

"ఇక మీదొక్కటే ఉందండీ. ప్లగ్గు తియ్యండి," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"సీలుంది."

"ఏముంది?"

"సీలు. ఇద్దరు సాక్షులు కావాలి."

"ఇక్కడ రేవు మొత్తం ఉందయ్యా మహానుభావా!"

అది నిజమే గనక ఆయన ఒప్పుకున్నారు. వియ్యంకుణ్ణి ఒకవైపు, టీ కొట్టు అక్కను ఒకవైపు నిలబెట్టారు. సీసపు బిళ్ళ చెక్కు చెదరలేదని ఇద్దరి చేతా పైకి అనిపించారు. పటకారుతో తీగ కత్తిరించి, ఇన్నేళ్ళకు మొదటిసారి, తన చేతుల్తో తన ప్లగ్గు పీకారు.

టీ కొట్టు దీపం ఆరిపోయింది.

అదే క్షణంలో, పడవ లోపల ఫ్యాను బరువు దిగినదై గిర్రున తిరిగింది. కిటికీ తెర ఎగిరి బయటకొచ్చింది. ఆ తెర కిందుగా, గట్టు చివరిదాకా వెళ్తున్న వైరును జనం అందరూ ఒకేసారి చూశారు. ఎలక్ట్రీషియన్ తిన్నగా వెళ్ళి జనరేటరు ఆపి, వైరు ఊడదీసి, రెండు మూతులూ రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు.

"ఇటునుంచి పడవలోకి, పడవలోంచి మీ సీలు వైరు గుండా స్తంభంలోకి... మొత్తం రేవుకి మీరే కరెంటిచ్చారండీ. టీ కొట్టు కేక నవ్వులాటనుకుని, ఫ్యూజులు జేబులో ఉన్నాయన్న ధీమాతో నేను తీగ మీద చెయ్యేశాను." అతని గొంతు మొదటిసారి సన్నబడింది. "పొద్దున్న మా ఆవిడతో దెబ్బలాడి వచ్చాను. ఉప్పెక్కువైందని. అదే ఆఖరి మాటయ్యేది కదండీ!"

అన్యాయంగారు అలవాటు ప్రకారం నోరు తెరిచారు. 'అ' అన్న అక్షరం బయటకొచ్చింది గాని, మిగతాది ఎవరిమీద వెయ్యాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"తాళ్ళు విప్పండి," అన్నాడు మేనేజరు. "సార్ చెప్పినట్టే."

వియ్యంకుడూ భార్యా క్యారియరుతో సహా పడవెక్కారు. మేనేజరు తన మోటారు బోటుకు ఆ పడవను కట్టి, నది మధ్యకు లాక్కెళ్ళి, లంగరు వేయించి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. జనరేటరు గట్టుమీదే ఉండిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. ఫ్రిజ్జు ఆగిపోయింది. అన్యాయంగారు మూల కూర్చుని, పడవ అమ్మకానికి బోర్డు ఏ రంగుతో రాయించాలా అని ఆలోచిస్తున్నారు.

అప్పుడు గాలి వచ్చింది.

రేవులో పడవల మధ్య ఇరుక్కున్నంతకాలం తెలియని గాలి. నది పొడుగునా ఎక్కడా ఆగకుండా వచ్చి, ఉన్న ఆ ఒక్క కిటికీలోంచి దూరి, తలుపులోంచి పోతూ, వియ్యంకుడి రుమాలును నదిలోకి ఎగరేసుకుపోయింది. ఆయన దానికోసం చెయ్యి కూడా చాపలేదు. చొక్కా బొత్తాం విప్పి, కాళ్ళు బార్లా చాపి కూర్చున్నారు.

"చెల్లెమ్మా, ముందే ఇక్కడికి తీసుకురాక, ఆ రేవులో కూర్చోబెట్టి ఆ పంకాలూ ఆ మోతలూ ఏమిటమ్మా?" అన్నారు. తర్వాత, నెమ్మదిగా, పూర్తిగా, మధ్యలో ఎవరూ నీళ్ళలో పడకుండా అన్నారు: "బావగారూ, పడవ బాగుందండీ. వచ్చే ఆదివారం కూడా వస్తాను."

అని గోడకు జారబడి గురక మొదలెట్టారు. ఆ గురకకు లంగరు గొలుసు కూడా కాస్త కదిలింది.

అన్యాయంగారు కిటికీలోంచి గాలిలోకి చెయ్యి చాపి చూసుకున్నారు.

"అన్యాయం," అన్నారు చివరికి. "ఇన్నేళ్ళుగా ఈ గాలి ఇక్కడే ఉంది. ఎవడైనా చెప్పాడా?"

"సీలు వేసిందెవరు?" అంది భార్య, క్యారియరు గిన్నెలు విప్పుతూ.

ఆయన పటకారును చేతిలో అటూ ఇటూ తిప్పారు. మెడ నిమురుకున్నారు. ఎవరో బలవంతంగా లాగుతున్నట్టు, కోపంగా, ఒక్కొక్క మాటే బయటపెట్టారు. "సరే. తప్పు నాదే. సాయంత్రం వెళ్ళి ఆ మనిషికీ చెబుతాను."

ఆ మాటకు సాక్షులు ఇద్దరూ ఉన్నారు గాని, ఒకరు నిద్రపోతున్నారు, ఇంకొకరి సాక్ష్యం చెల్లదు.